తలగడ కింద ఇనుము

బాల్చీలో శింగి చేపలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పొయ్యి మీద నూనె కాగి, పొగ లేచి, చల్లారింది కూడా. ఇంట్లో కత్తిపీట లేదు.

కత్తిపీట ఒక్కటే అయితే ఎవరో ఎరువు పట్టుకెళ్ళారనుకోవచ్చు. కూరల కత్తి లేదు. కత్తెర లేదు. పెద్దిరాజు గెడ్డం గీసుకునే బ్లేళ్ళ పొట్లం లేదు. ఆఖరికి కొబ్బరి కోరు కూడా లేదు.

అప్పమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చేపల్ని చూసింది. చేపలు ఆమెని చూడలేదు. బాలింతకి రక్తం పడతాదని పొద్దున్నే ఏక్‌బాల్‌పూర్ బజారంతా తిరిగి, బేరమాడి, బతికున్నవి తెచ్చింది. అవిప్పుడు ఇంటిల్లిపాదికన్నా హాయిగా ఉన్నాయి.

"ఒలే పేమా! కత్తిపీటేదే?"

లోపలి గదిలోంచి కొళాయి నీళ్ళ చప్పుడు మాత్రం వచ్చింది. చేతులు కడుక్కుంటోంది కోడలు. పొద్దుట్నుంచి అది ఎన్నోసారో లెక్కపెట్టడం అప్పమ్మ మానేసింది.

ఇరవై రెండేళ్ళు ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి ఆమె. ఆమె చేతుల మీదుగా ఎన్ని కాన్పులు అయ్యాయో ఆమెకే తెలీదు. బాలింతలంతా రెండు రకాలని ఆమె నమ్మకం. కారణం ఉండి ఏడ్చేవాళ్ళు, ఏడవడానికి కారణం వెతుక్కునేవాళ్ళు. కోడలు ప్రేమకుమారి రెండో రకమని పురిటి మంచం మీదే తేల్చేసింది. ఇరవై మూడు రోజులైంది. ఆ మాట వెనక్కి తీసుకోవలసిన పని ఇంతవరకూ పడలేదు.

ముందు గదిలో కూతురు రమాకుమారి సంచీ సర్దుతోంది. ఖరగ్‌పూర్ నుంచి నిన్న సాయంత్రం దిగింది. పెళ్ళయి పదకొండేళ్ళయినా పిల్లల్లేరు. వస్తూ వస్తూ ఆరు గౌన్లు తెచ్చింది, అన్నీ తను కుట్టినవే. వాటిని మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తోంది. పక్కన కొత్త పాలడబ్బా.

పసిగుంటని ఖరగ్‌పూర్ పంపించేయడం రాత్రి భోజనాల దగ్గర సగం తేలింది. మిగిలిన సగం తేల్చడానికి కత్తిపీట దొరకాలి, చేపలు ఉడకాలి, అప్పమ్మ మొగుడు పెద్దిరాజు కడుపు నిండాలి. ఖాళీ కడుపుతో ఆయన ఏదీ తేల్చడు.

తలుపు తట్టి ఎదురింటి మేరీరాణి లోపలికొచ్చింది. చేతిలో గోనెసంచీ. దించితే ఖణేల్మంది.

"పిన్నమ్మా, ఇయ్యి మీ ఇంటియే."

అప్పమ్మ సంచీ బోర్లించింది. కత్తిపీట, కత్తులు, కత్తెర, బ్లేళ్ళు, కోరు. అన్నిటికన్నా అడుగున, చెక్కపిడి నల్లగా నిగనిగలాడే పాత ఇనప కత్తి. అది చూసేసరికి అప్పమ్మ మొహం మారిపోయింది.

ఆ కత్తి ఊరినుంచి వచ్చింది. ఈ ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా నెల వెళ్ళేదాకా బాలింత తలగడ కింద ఉండవలసింది అదే. గాలీ ధూళీ దగ్గరకి రాకుండా ఇనుము కాస్తుంది. ప్రేమకుమారి దాన్ని మూడుసార్లు తీసి బీరువా వెనక పడేసింది. మూడుసార్లూ అప్పమ్మ మాటాడకుండా తెచ్చి, తలగడ కింద యథాప్రకారం పెట్టేసింది. నాలుగోసారి అది గుమ్మం దాటి ఎదురింటికి పోయింది.

"నీ దగ్గరికెలగొచ్చేయే ఇయ్యి?"

"నిన్న రాత్రి నాను డూటీ నించి వస్తంటే ఇచ్చింది పిన్నమ్మా. దాచక్కా, మళ్ళీ నానే వచ్చి అడిగినా ఇవ్వకు అంది. సరే అన్నాను. మీ చేపలింకా కొయ్యలేదని ఇని తెచ్చేను."

"ఓసోస్! పొరుగోలింట్లో తాకట్టెట్టీసిందన్నమాట. బాగుంది సంసారం."

అప్పమ్మ ఇనప కత్తి పట్టుకుని లోపలి గది వైపు నడిచింది. గుమ్మంలో ప్రేమకుమారి అడ్డంగా నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"అది లోపలికి తేకండత్తా."

"ఇనుము లేపోతే గుంటకి గాలి తగుల్తాది."

"తగిల్తే తగల్నీండి."

"ఏటన్నావు?"

"తగల్నీండి అన్నాను. ఆ కత్తికన్నా గాలే నయం."

ముందు గదిలో గౌను మడవడం ఆగింది. పెద్దిరాజు పేపరు దించలేదు గాని, పేజీ తిప్పడం మానేశాడు. కార్పొరేషన్ చెత్తబళ్ళ మీద ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. ఏ ఇంట్లో ఏం కుళ్ళుతోందో దూరాన్నుంచే పసిగడతానని ఆయన గొప్ప.

కొడుకు ప్రదీప్‌కుమార్ నోట్లో బ్రష్‌తో వసారా గుమ్మంలో నిలబడ్డాడు. పంప్‌హౌస్ డ్యూటీకి సెలవు పెట్టాడు. సెలవు పెట్టడమే తన వంతు సాయమని వాడి లెక్కలా ఉంది.

"మీకు దండమెడతాను," అంది ప్రేమకుమారి. "ఆ కత్తి కనపడ్డాదంటే నా బుర్రలోకి వచ్చీస్తంది. వద్దన్నకొద్దీ వస్తంది. నా చెయ్యే... నా చేత్తోనే... పాప గుండెల మీద..."

తడి చేతులు చీర కుచ్చెళ్ళలో దాచుకుంది.



ముందు కదిలింది రమాకుమారి. మరదల్నీ, తల్లినీ తోసుకుని లోపలికి దూరి, నిద్రపోతున్న పిల్లని ఎత్తి గుండెకి అదుముకుంది. పిల్ల కెవ్వుమంది.

"ఇన్నావా తమ్ముడూ? మనం అన్న మాట కాదు. దాని నోటితోనే అంది."

ప్రదీప్ బ్రష్ తీసి అక్క వైపు తిరిగాడు. "అలగని కాదప్పా..."

"మరెలగ?"

యూనియన్ మీటింగులో బెంగాలీ బాబుల్ని గంటసేపు నిలబెట్టి కడిగేసే మొగాడు, ఇంట్లో తెలుగులో 'అలగని కాదు' దగ్గర ఆగిపోతాడు. కన్నకొడుకైనా ఆ క్షణాన అప్పమ్మకి వాడి మీద రోత పుట్టింది.

"పాపకేటీ అవ్వలేదు కదా వదినా?" ప్రేమకుమారి ఆడబిడ్డ చేతుల కేసి చూస్తూ అడిగింది. "ఊపిరాడుతంది కదా?"

"ఇదిగో, మళ్ళీ మొదలెట్టింది!" అప్పమ్మ కొడుకు వైపు తిరిగింది. "రోజుకి యాభైసార్లు ఇదే పాట. ఊపిరుందా, దెబ్బ తగల్లేదు కదా, నానేటీ చెయ్యలేదు కదా. లేదే, లేదే అని సెప్పి సెప్పి నా నోరు పడిపోనాది. అయిదు నిమిషాలు గడవదు, మళ్ళీ అడుగుతాది. నీళ్ళొయ్యమంటే పొయ్యదు, నీళ్ళు చూస్తే భయమంట. మేడ వసారాలోకి రాదు, అదీ భయమంట. పుట్టెడు కొవ్వు లేపోతే ఇన్ని భయాలు ఎక్కణ్ణించి వస్తాయి?"

పెద్దిరాజు పేపరు మడిచాడు. మడత మీద మడత పెట్టి, మోకాలి మీద చరిచాడు.

"గుంటని ఖరగ్‌పూర్ తీసుకుపోనీండి. దీన్ని పలాస పంపీండి, ఆలమ్మోలింటికి. తిన్నగయ్యేక సూద్దాం."

ప్రేమకుమారి గుమ్మం పట్టుకుంది. ఏడవలేదు. ఏడుస్తుందని అందరూ చూశారు.

"బాబాయ్," మేరీరాణి సంచీ మడుస్తూ అంది, "ఇలాటియ్యి మా ఆస్పత్రిలో నానెన్ని సూడలేదు. మంగళారం మంగళారం ఒక డాక్టరమ్మ వస్తాది, బాలింతల మనసు జబ్బులికి. ఇయ్యాల మంగళారమే. పంపించే ముందు ఒక్కపాలి సూపించండి. తప్పేటుంది?"

తప్పేముందని అప్పమ్మకీ అనిపించింది. అయితే మేరీరాణి అనుకున్నందుకు కాదు. పలాసలో కోడలి తండ్రి బస్సు కండక్టరు, నోరున్న మనిషి. పిల్లని తల్లి దగ్గర్నుంచి ఎందుకు లాక్కున్నారని రేపు వచ్చి వీధిలో నిలబడతాడు. చేతిలో డాక్టరు రాసిచ్చిన కాగితం ఉందనుకో. పిచ్చిది అని బెంగాలీలోనో ఇంగ్లీషులోనో రాసి, కింద స్టాంపు ఉందనుకో. కండక్టరు నోరు అక్కడికక్కడే మూతపడుతుంది.

"పదండి, చూపిద్దాం," అంది అప్పమ్మ.

అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు అందరూ ఆమె కేసి చూశారు.

*

ఆసుపత్రికి వెళ్ళే భవానీపూర్ బస్సులో అప్పమ్మ కూతురి పక్కన కూచుని, చెవిలో చెప్పింది. "నాను లోపలికెళ్ళేక ఎంతసేపవుద్దో తెల్దు. నువ్వు కనిపెట్టుకుని కూచోకు. గుంటని అట్టుకుని హౌరాలో ఒంటిగంట లోకల్ రైలుకి ఎల్లిపో. కాగితం నాను తెస్తాను."

రమాకుమారి తలూపింది. ఒళ్ళో పిల్ల మొహం మీద పమిట కప్పి, ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టింది. ముందు సీట్లో ప్రేమకుమారి నిమిషానికోసారి వెనక్కి తిరిగి ఆ పమిట కేసి చూస్తోంది, పైకీ కిందకీ కదులుతోందా లేదా అని.

ఆసుపత్రి మెట్ల దగ్గర ప్రదీప్ ఆగిపోయాడు.

"నువ్వెళ్ళమ్మా లోపలికి. దానికి బెంగాలీ రాదు కదా. అదనే మాటలు నాను ఇన్లేను."

"పెళ్ళాం నీదిరా."

"నువ్వయితే ఆసుపత్రిలో చేసినదానివి."

అప్పమ్మ కొడుకుని ఎగాదిగా చూసి కోడల్ని తీసుకుని లోపలికి నడిచింది. వాడు బయట బల్ల మీద అక్క పక్కన కూచున్నాడు.

డాక్టరమ్మకి ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. బల్ల మీద టీ చల్లారిపోయి మీగడ కట్టింది. అప్పమ్మకి అలాంటి డాక్టర్లు కొత్త కాదు. వాళ్ళ గదులు తుడిచింది, వాళ్ళ టీలు మోసింది. నమస్కారం పెట్టి, అడక్కుండానే బెంగాలీలో మొదలెట్టింది.

"నేను ఇరవై రెండేళ్ళు ప్రసూతి ఆసుపత్రిలో చేశాను. ఈ పిల్లకి తలకెక్కింది. ఒక కాగితం రాసిస్తే..."

"కాగితం తరవాత," అంది డాక్టరమ్మ. "ఆమె చెప్పనివ్వండి. మీరు బెంగాలీలో చెప్పండి. 'ఆమె అంటోంది' అని వద్దు. ఆమె నోటితో అన్నట్టే, 'నాకు' అని చెప్పండి. మధ్యలో మీరొద్దు."

ఇదో చోద్యం అనుకుంది అప్పమ్మ. సరే అంది.

ప్రేమకుమారి నేల కేసి చూస్తూ చెప్పుకొచ్చింది. కత్తి సంగతి. నీళ్ళు పోసేటప్పుడు చెయ్యి వదిలేస్తానేమో అన్న భయం. వసారాలో నిలబడితే, ఇప్పుడు గాని ఈ పిల్లని...

"సెప్పత్తా," అంది.

"నాకు..." అని అప్పమ్మ బెంగాలీలో మొదలెట్టింది. "నాకు వసారాలో నిలబడితే, బిడ్డని కిందికి విసిరేస్తానేమో అని..."

అక్కడ నాలిక ఆగింది.

ముప్ఫై నాలుగేళ్ళ కిందట కార్పొరేషన్ క్వార్టర్లు, మూడో అంతస్తు. ప్రదీప్ పుట్టి పదో రోజు. ఒక చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని, ఒక చేత్తో గుడ్డలు ఆరేస్తోంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. వదిలెయ్యి అన్నట్టు ఒక ఊహ. అంతే. గుడ్డలు అక్కడే పడేసి లోపలికొచ్చి తలుపు గడియ పెట్టుకుంది. గాలి పడితే తలపోటని చెప్పి ఏడు నెలలు వసారా గుమ్మం దాటలేదు. వాన కొడుతోందని పోరి మొగుడి చేత తడక కట్టించింది. ఎండాకాలంలో ఏం వానే అని పెద్దిరాజు నవ్వాడు. ఆ మాట ఇన్నేళ్ళలో ఒక్క ప్రాణికి చెప్పలేదు. తనకి తాను కూడా చెప్పుకోలేదు.

ఇవాళ ఈ నంగనాచి మూలంగా 'నాకు' అని పరాయి భాషలో తన నోటితోనే అనవలసి వచ్చింది.

"చెప్పండి," అంది డాక్టరమ్మ.

"అంతే. అదే భయమట."

"ఆ పని చెయ్యాలని ఉందా ఆమెకి? ఆ ఊహ వచ్చినప్పుడు ఎలా ఉంటుంది?"

ప్రేమకుమారి మొదటిసారి తలెత్తింది. "చెయ్యాలనుంటే కత్తులన్నీ మేరీరాణక్క కెందుకిస్తానత్తా? నా మీద నాకే అసయ్యమేస్తాది. నానే సచ్చిపోతే పాప బాగుంటాదనిపిస్తాది."

అప్పమ్మ అందులో సగం చెప్పింది. "అసహ్యంగా ఉంటుందట. కత్తులు ఎదురింట్లో దాచేసింది."

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. కలం ఆపి, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. "ఇది జాగ్రత్తగా అడగండి. గొంతులేవైనా వినిపిస్తాయా? ఈ పని చెయ్యమని ఎవరైనా ఆజ్ఞాపిస్తున్నట్టుందా? ఈ బిడ్డ తన బిడ్డ కాదని గాని, బిడ్డలో ఏదో చేరిందని గాని నమ్ముతోందా?"

అప్పమ్మ అడిగింది.

"లేదత్తా. ఎవల గొంతూ కాదు. నా బుర్రే. పాప నా పాపే. తప్పంతా నా బుర్రదే."

అప్పమ్మ డాక్టరమ్మ వైపు తిరిగింది.

"వినిపిస్తాయట," అంది. "చెయ్యమని చెబుతున్నాయట."

డాక్టరమ్మ కుర్చీలో సర్దుకుంది. ఒకసారి ప్రేమకుమారి మొహంలోకి, ఒకసారి అప్పమ్మ మొహంలోకి చూసింది. సొరుగు లాగి వేరే కాగితం తీసింది. పెద్దది, గళ్ళు గళ్ళది.

"అయితే ఇంటికి పంపను. ఇవాళే వార్డులో చేర్చుకోవాలి. బిడ్డని వేరేగా ఉంచాలి. ఇది ప్రమాదమైన జబ్బు, ఆలస్యం పనికిరాదు." కలం మూత తీసింది. "నేను మరోటి అనుకున్నాను."

కావలసిన కాగితం అదే. స్టాంపు కూడా పక్కనే ఉంది. అప్పమ్మ నోరు మూసుకుని కూచుంటే సరిపోయేది.

"మరోటంటే?"

"ఓసీడీ అంటారు. కాన్పయిన తల్లులకి వస్తుంది. బిడ్డకి ఏదో అవుతుందని, తానే ఏదో చేస్తానని అక్కర్లేని ఊహలు. అలాంటి ఊహ చాలామంది తల్లులకి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, పోతుంది. కొందరికి పోదు, అతుక్కుంటుంది. దాన్నుంచి తప్పించుకోడానికి కత్తులు దాస్తారు, చేతులు కడుగుతారు, మాటిమాటికి అడుగుతారు. అంత భయపడే తల్లి బిడ్డకి హాని చెయ్యదు. దానికి మందుంది, పాలిచ్చేవాళ్ళు వేసుకోదగ్గదే. మందుతో పాటు ఆ ఊహని ఊహలా వదిలెయ్యడం నేర్పిస్తాం. అందులో బిడ్డని తల్లి నుంచి తీసెయ్యకూడదు. తీసేస్తే, చూశావా నువ్వు హంతకురాలివే అని ఆ జబ్బుకి మనమే వంత పాడినట్టు."

"చాలామందికి వస్తుందా?"

"మీకెప్పుడూ రాలేదా?" డాక్టరమ్మ రాస్తూ రాస్తూ తేలిగ్గా అడిగింది.

"మాకలాంటి రోగాలు లేవు," అంది అప్పమ్మ.

కలం కాగితం మీద నడుస్తోంది. పేరు. వయసు. ప్రేమకుమారి ఇద్దరి మొహాల కేసీ మార్చి మార్చి చూస్తోంది. "ఏటన్నారత్తా?" అనలేదు. రోజుకి యాభైసార్లు అడిగే మనిషి ఇప్పుడు అడగడం లేదు. అడక్కుండా చూస్తోంది.

అప్పమ్మకి కోడలి మీద జాలి వెయ్యలేదు. ఒళ్ళు మండింది. తనేం చేసింది? ఏడు నెలలు తడక వెనక దాక్కుని, పంటి బిగువున వంట చేసి, డ్యూటీ చేసి, పిల్లాణ్ణి పెంచింది. ఇదేమో ఇరవై మూడో రోజుకే నలుగురి ముందూ కక్కేసింది. సిగ్గులేని జన్మ. అలా కక్కేయొచ్చని తనకి ఎవరూ చెప్పలేదే.

"రాయకండి," అంది.

"ఏమిటి?"

"గొంతులేవీ వినిపించవట. ఆ మాట నేనన్నాను."

కలం ఆగింది. డాక్టరమ్మ తలెత్తి చూసింది. అప్పమ్మని అలా చూసినవాళ్ళు ఆ ఇరవై రెండేళ్ళలోనూ లేరు.

"ఆసుపత్రిలో చేశానన్నారు."

"చేశాను."

"మీ ఒక్క మాట మీద ఈమె ఏ వార్డుకి వెళ్ళేదో తెలుసా మీకు?"

తెలుసు. బదలీ మీద ఆర్నెల్లు ఆ వార్డు గచ్చు కడిగింది.

డాక్టరమ్మ గంట కొట్టింది. "మేరీరాణిని పిలవండి. ఆవిడ కూడా తెలుగే కదా. మళ్ళీ మొదటి నుంచీ అడుగుతాను. మీరు ఆ గోడవార స్టూలు మీద కూచోండి. మాటాడకండి."

డ్యూటీకెక్కిన మేరీరాణి వచ్చింది. అన్నీ మళ్ళీ మొదలయ్యాయి. మధ్యలో అప్పమ్మ దగ్గినా ఎవరూ తిరిగి చూడలేదు. తలగడ కింద కత్తి మాట వచ్చినప్పుడు డాక్టరమ్మ నవ్విందంటే నవ్వింది.

"నా కాన్పుకి మా అమ్మ ఇనప కాటుకబరిణె పెట్టింది. దాంతో గొడవ లేదు. ఈమెకి కత్తే భయమని తెలీక కత్తే పెట్టారు." స్టూలు వైపు చూసింది. "పాత గొడవలు ఇప్పుడొద్దు. ఆ కత్తి ఎప్పుడు దగ్గరకి రావాలో, ఎప్పుడు తను దాంతో కూర తరగాలో ఈమే, నేనూ కలిసి చూసుకుంటాం. మీరెవరూ పెట్టొద్దు, తియ్యొద్దు. 'పాపకేమీ కాలేదు కదా' అని అడిగితే జవాబు చెప్పొద్దు. కసరొద్దు. 'ఇది ఆ భయం అడుగుతున్న మాట' అని ఊరుకోండి. వారం వారం రావాలి. నెమ్మదిగా తగ్గుతుంది, ఒక్కరోజులో కాదు."

మేరీరాణి తెలుగులో చెబుతూంటే ప్రేమకుమారి నోరు కొంచెం తెరుచుకుంది. "దీనికి పేరుందా అక్కా?" అంది. ఆ మాటే రెండోసారి అంది.

"ఇప్పుడు బిడ్డని తీసుకురండి," అంది డాక్టరమ్మ. "పాలిచ్చేటప్పుడు ఒకసారి చూస్తాను."

అప్పమ్మ గోడ గడియారం కేసి చూసింది. పన్నెండు దాటి పది నిమిషాలు. స్టూలు మీంచి లేచింది.

*

బల్ల మీద ప్రదీప్ ఒక్కడే ఉన్నాడు. పక్కన వేణ్ణీళ్ళ ఫ్లాస్కు.

"మీ అప్పేదిరా, గుంటేదిరా?"

"ఎల్లిపోనాది. అరగంటయింది. నువ్వు సెప్పేవంట కదా."

"నాను సెప్తే? నువ్వు బొమ్మలాగ కూచున్నావా?"

"కాగితం నువ్వు తెస్తావంది కదా..."

ప్రేమకుమారి ఇద్దరి మధ్యా నిలబడింది. ఆమె రవిక ముందంతా తడిసింది. పిల్లకి పాలవేళ దాటుతోంది. పైట సర్దుకోలేదు. పిల్లకేమైనా అయిందా అని ఎవరినీ అడగలేదు.

"ఏ రైలు?" అంది మొగుణ్ణి.

"ఒంటిగంట లోకల్."

అప్పమ్మ కూతురికి ఫోను చేసింది. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్. ప్రదీప్ తన ఫోనులో కారు కోసం వెతుకుతూ, "ఏడు నిమిషాలంటంది... కాదు, పదకొండు అంటంది," అని పంచాంగం చదువుతున్నాడు.

ప్రేమకుమారి వాడి కోసం ఆగలేదు. మెట్లు దిగి, గేటు దాటి, రోడ్డు మీద పళ్ళబండి వాణ్ణి పట్టుకుంది. ఏడాదిన్నరలో చేపల బజారులో ఏరుకున్న బెంగాలీ ఎంతో అంత.

"దాదా, హౌరా బస్ కొథాయ్?"

బస్సు ఎక్కడ ఆగుతుందో వాడు చెయ్యెత్తి చూపించాడు. చూపిస్తూండగానే బస్సు వచ్చింది. ప్రేమకుమారి పరిగెత్తి ఎక్కేసింది. ఇరవై మూడు రోజుల బాలింత అలా పరిగెత్తకూడదు. అది చెప్పడానికే అన్నట్టు అప్పమ్మ వెనకాలే పరిగెత్తి, మెట్టు మీద కాలు పెట్టింది.

"మీరు రాకండత్తా."

"ఏటే? నీకు దారి తెల్దు. స్టేషన్లో ఎవల్తో ఏటి మాటాడాలో తెల్దు."

"తెల్దు." ప్రేమకుమారి కడ్డీ పట్టుకుని వంగింది. వేళ్ళ మీద సబ్బు తినేసిన చర్మం పగిలి ఎర్రగా ఉంది. "నాకు బెంగాలీ రాదు గాని మొకాలు సదవడం వచ్చు. ఆ డాక్టరమ్మ ఒక మాటకి భయపడిపోనాది. ఆ మాట నాను అన్లేదు. మళ్ళీ మీరే ఏదో అన్నారు, అప్పుడు మిమ్మల్ని అసయ్యంగా సూసింది. మీరొస్తే అక్కడ కూడా నా మాట మీరే ఆడతారు."

అప్పమ్మ మెట్టెక్కబోయిన రెండో కాలు మళ్ళీ రోడ్డు మీద ఆనించింది.

లోపల్నుంచి జనం అరుస్తున్నారు. కండక్టరు తలుపు మీద రెండుసార్లు చరిచాడు.

"ఏం మాశీమా, ఎక్కుతారా, దిగుతారా?"

బస్సు కదిలింది. అప్పమ్మ ఒక కాలు మెట్టు మీదే ఉంది.